బోటులో వెనక సీటు

మా శాఖ బోటు గురించి గోదావరికి అటూ ఇటూ రకరకాలుగా చెప్పుకుంటున్నారని నాకు తెలుసు. చెప్పుకునేవాళ్లలో సగం మంది ఆ రోజు అక్కడ లేరు. ఉన్నవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వడంలో మునిగిపోయి సరిగ్గా చూడలేదు. మొదటి నుంచి చివరిదాకా నవ్వకుండా చూసినవాణ్ని నేనొక్కణ్నే. నవ్వకపోవడం నా ఉద్యోగ ధర్మం. కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను. మధ్యలో అడ్డుపడకండి.

నా పేరు మార్కండేయులు. జలక్రీడల ప్రోత్సాహక శాఖవారి వెదుళ్లలంక శిబిర కార్యాలయంలో సూపరింటెండెంట్‌ని. కార్యాలయం అంటే ఏటిగట్టు దిగువన ఒక రేకుల షెడ్డు, దాని ముందు రేవు, రేవులో ఒక బోటు. బోటు పేరు ‘వేగవతి’. చిన్నది, ఫైబరుది, వెనకాల ఇంజను బిగించి ఉంటుంది. మనుషుల్ని తాడుతో నీళ్ల మీద లాగడానికి తెప్పించారు. కాళ్లకి రెండు పలకలు తొడుక్కుని, తాడు చివర పట్టుకుని, బోటు లాగుతుంటే నీళ్ల మీద నిలబడి జారుతూ పోవడం ఒక ఆట. వాటర్ స్కీయింగ్ అంటారు. ఎవరికి పుట్టిన బుద్ధో గానీ, ఆ ఏడు పైవాళ్లకి ఆ ఆట మీద ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది. రేవుకో క్రీడాకారుణ్ని తయారు చెయ్యమని హుకుం వచ్చింది. అంతకు ముందేడు గాలిపటాల మీద పొంగింది. ఆ గాలిపటాలు ఇంకా షెడ్డు అటక మీదే ఉన్నాయి.

తయారు చేసే శ్రమ మాకు లేకుండా వెదుళ్లలంకలో ఒక పిల్ల ముందే తయారై ఉంది. సంగాని సుభాషిణి. తండ్రి వేటకెళ్లే ఫైబరు పడవకి తాడు కట్టి, పాత తలుపు చెక్క మీద నిలబడి, చిన్నప్పట్నుంచీ ఏరంతా తిరిగిన పిల్ల. నిరుడు వరదలో ఆ పడవ ఇంజను కొట్టుకుపోయింది. తండ్రి ఇప్పుడు వేరేవాళ్ల వలలు లాగుతున్నాడు. మా బోటు రేవులో దిగిన రోజే ఆ పిల్ల వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడి, బోటు వెనకాల తనని కట్టమంది.

ఆమెకి ఒక అవకాశం ఎదురుగా ఉంది. పెద్ద శిక్షణ కేంద్రంవాళ్ల ఎంపిక బృందం మాఘమాసంలో మా రేవుకి వస్తోంది. శాఖ బోటు వెనక నిలబడి, పడకుండా లంక చుట్టూ తిరిగి వస్తే తీసుకెళతారు. చదువూ తిండీ వాళ్లే చూస్తారు, ఆటలో పైకొస్తే ఉద్యోగమూ దొరుకుతుంది. ఈసారి తప్పితే మళ్లీ ఏటికి పిల్ల వయసు దాటిపోతుంది. ఇదంతా నాకు చెబుతున్నప్పుడు ఆ మొహం చూసి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. జాలి కలిగినప్పుడు నాకు ముందు వచ్చేది కోపమే. కావాలంటే మా ఇంటావిణ్ని అడగండి.

ఇక్కడ రెండు నిబంధనల సంగతి చెప్పాలి. ఒకటి కొత్తది. ఎక్కడో ఎవరో తాడు వదిలేసి మునకేశారట. అందుకని ప్రభుత్వ బోటు మనిషిని లాగినప్పుడల్లా బాధ్యతగల అధికారి ఒకరు, తగు సిబ్బందితో సహా, బోటులో ఉండి తీరాలి. రెండోది పాతది. ప్రభుత్వ వాహనంలో అధికారి వెనక సీట్లో కూర్చోవాలి. మా బోటు కాగితాల్లో వాహనాల కింద నమోదైంది కాబట్టి అధికారి బోటులో వెనకే కూర్చుంటాడు. ఇందులో నవ్వడానికేముంది? కారులో దఫేదారు ముందు కూర్చుంటాడు, దొరగారు వెనక కూర్చుంటారు. పెళ్లివారి కారు దగ్గర్నుంచి కలెక్టరు కారు దాకా లోకమంతా అంతే.

మా అధికారి జాయింట్ డైరెక్టర్ యజ్ఞేశ్వర ప్రసాద్ గారు. జె.డి. గారంటాం. మనసూ పెద్దదే, మనిషీ పెద్దవారే. మొదటి పరీక్ష రోజున ఆయన కుర్చీ, కుర్చీ మీద తువ్వాలు, కుర్చీ కింద పీట, అన్నీ బోటులో ఇంజను పక్కనే వేయించాం. ఆయన వెంట పి.ఏ., ఫోటోగ్రాఫరు, ఫ్లాస్కుతో అటెండరు నీలాద్రి, నేనూ ఎక్కాం. ముందు భాగమంతా ఖాళీ. నలుగురికి విస్తళ్లు వేసి భోజనాలు పెట్టొచ్చు. కానీ ముందు కూర్చుంటే జె.డి. గారికి వీపు చూపించాలి. అధికారికి వీపు చూపించి కూర్చునే మొనగాడు మా శాఖలో ఇంకా పుట్టలేదు. అందుకని మేం కూడా ఆయన చుట్టూనే సర్దుకున్నాం.

సరంగు ధర్మయ్య ఇంజను లాగాడు. సరంగు అంటే బోటు నడిపేవాడు. ‘వేగవతి’ ముక్కు పైకెత్తింది. అలా ఎత్తుతూనే ఉంది. కాసేపటికి మా ఎదుట గోదావరి కనపడటం మానేసి ఆకాశం ఒక్కటే కనపడింది. తోక నీళ్లలో కూరుకుపోయింది. ఇంజను గొంతు చించుకుంటోంది గానీ బోటు దున్నపోతు నడకే నడుస్తోంది. వెనకాల తాడు పట్టుకున్న సుభాషిణి లేవబోయి, లేవలేక, మునిగి తేలుతూ తాడు వెంట వచ్చింది. జె.డి. గారి బూట్లలోకి నీళ్లొచ్చాయి.

గట్టుకి చేరాక ధర్మయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకుని, చాలా మర్యాదగా చెప్పాడు.

"బరువంతా ఎనకాలే ఉందండి. తమరంతా ముందుకి జరిగితే బోటు నీళ్లెక్కుద్దండి."

నీళ్లెక్కడం అంటే, వేగం అందుకున్న బోటు నీటిని దున్నుకుంటూ పోవడం మానేసి, నీటి మీదికి లేచి పరిగెత్తడం. నీళ్లెక్కిన బోటు వెనకే మనిషి నిలబడగలడు. ఎక్కని బోటు వెనక మనిషి నీళ్లు తాగుతాడు. ఈ సంగతి లంకలో పసిపిల్లలకి కూడా తెలుసు. మాకూ తెలుసు, ఎవరూ కాదనలేదు. జె.డి. గారు తడి మేజోళ్లు పిండించుకుంటూ, తొణక్కుండా చెప్పారు.

"ధర్మయ్య చెప్పినది వాస్తవమే. అయితే అది పరిపాలనాపరంగా ఆచరణ సాధ్యం కాని వాస్తవము."

అసలు మేమెవరం లేకుండా ధర్మయ్య ఒక్కడే అవతలి రేవుకి పాలకోసం వెళ్లినప్పుడు ‘వేగవతి’ తూనీగలా పోయేది. ఆ మాట నేనే జె.డి. గారి చెవిన వేశాను. అది అనధికార వేగమనీ, అధికారి లేని సమయంలో బోటు చూపిన ప్రతిభను శాఖ పరిగణనలోకి తీసుకోజాలదనీ ఆయన సెలవిచ్చారు. అదీ నిజమే.

కాబట్టి మనుషుల్ని కదపకుండా బోటును బాగుచెయ్యాలని తీర్మానమైంది. పట్నం నుంచి ఒక ప్రొఫెసరు గారు వచ్చారు. జలగమనంలో పట్టా పుచ్చుకున్నవారు. ఆయన తెలివైనవారే, చేసిన ప్రతి పనీ పనికొచ్చిందే. బోటు అడుగున పట్టిన పాచి గీకించారు. ఇంజను కింద నీళ్లు తోసే ఫ్యాను మార్పించారు. ఇంజను కాస్త పైకెత్తి బిగించారు. వెనక అడుగున రెండు రేకులు కొట్టించారు, తోకని పైకి నెట్టడానికి. నిజంగానే బోటు కొంచెం తేలికపడింది. ముక్కు కొంచెం దిగింది. ఆకాశం అంచున అవతలి గట్టు కొబ్బరిచెట్ల తలలు కనపడ్డాయి.

దానికి జె.డి. గారు ఎంతగానో సంతోషించి, బోటుకి కలిసివచ్చిన శక్తిని వృథా పోనివ్వకూడదని కుర్చీ తీయించి సోఫా వేయించారు. మళ్లీ ఆకాశం మొదలైంది. ప్రొఫెసరు గారు సోఫా వంక చాలాసేపు చూశారు. తన శాస్త్రంలో సోఫా లేదని చెప్పి, చేతికందిన బస్సెక్కి వెళ్లిపోయారు.

తరవాత బరువు తగ్గింపు ఉత్తర్వు వచ్చింది. మా శాఖలో ఏ తగ్గింపైనా కింది స్థాయి నుంచి మొదలవుతుంది. నీలాద్రి ములక్కాడంత మనిషి. అతని బరువు తగ్గించమన్నారు. అతను మధ్యాహ్నం క్యారియరు తేవడం మానేసి, సాయంత్రానికి ఫ్లాస్కు ఎత్తలేక దాన్ని దింపేస్తే ఆ మేరకు బరువు తగ్గినట్టు రాసుకున్నాం. ముందు భాగంలో ఉన్న లంగరు, తెడ్లు, చుట్టిపెట్టిన తాళ్లు కూడా తీసి గట్టు మీద పడేశాం. ముందు తేలికైపోయేసరికి ముక్కు ఇంకాస్త లేచింది. ఫోటోగ్రాఫరు ఆ రోజు తీసిన బొమ్మలన్నిట్లోనూ జె.డి. గారి వెనక మబ్బులే ఉన్నాయి. ఆ ఫోటోలు చూసి అత్తవారివైపువాళ్లు ఆయన విమానం ఎక్కారనుకున్నారట.

అప్పుడు ముందు భాగంలో ప్రాణం లేని బరువు వెయ్యొచ్చు కదా అన్న ఆలోచన వచ్చింది. ప్రాణం లేనిదానికి వీపుండదు. ఇసుక బస్తాలు వేద్దామన్నాం. చుట్టూ చూస్తే ఇసుకే. లంక మొత్తం ఇసుక. కానీ ఇసుక మా శాఖది కాదు. ఇసుక చూసే శాఖకి రాశాం. ఇసుక లభ్యత ఉన్న ప్రాంతాన్ని గుర్తించి, ఆధారాలతో పంపితే పరిశీలిస్తామన్నారు. ధర్మయ్య ఆ జవాబు విని, చెప్పులో పడ్డ ఇసుక దులుపుకుంటూ వెళ్లిపోయాడు.

సొంత బరువు ఉండగా పరాయి బరువెందుకని షెడ్డులో పాత ఫైళ్లు తీయించాం. గాలిపటాల ఏడాదివి, అంతకు ముందు ఈతకొలనులవి, గుర్రపు స్వారీవి. కట్టలు కట్టి బోటు ముక్కున పేర్చాం. మా శాఖ చరిత్రలో ఫైళ్లు ముందుకు కదలడం అదే మొదలు. బోటు ముక్కు దిగింది, తోకతో సమానమైంది. రెండూ కలిసి సమానంగా మునిగాయి. ఆ బరువుకి ఇంజను కదిలించలేక మూలిగింది. ఫైళ్లు తడిసి ఇంకా బరువెక్కాయి. వాటిని నాలుగు రోజులు గట్టున ఎండబెట్టాం. మేకలు కొన్ని పథకాల్ని పూర్తి చేశాయి.

ఇన్ని పరీక్షల్లోనూ తాడు చివర సుభాషిణి ఉంది. రోజూ పొద్దున్నే వచ్చేది, పలకలు తొడుక్కుని నీళ్లలో దిగేది, గోదావరిని తాగేది, దగ్గుకుంటూ గట్టెక్కేది. ఒక్కరోజు విసుక్కోలేదు. ఎంపిక బృందం రావడం ఇంకా వారం ఉందనగా, షెడ్డు గుమ్మంలో జుట్టు పిండుకుంటూ నాతో అంది.

"నాకు రాక పడిపోతే ఏడవనండి, సూపర్నెంటు గారండి. బోటుకి రాక పడిపోతన్నానండి."

నేను ఆ పిల్లని కసిరాను. వెళ్లి తల తుడుచుకో, జలుబు చేస్తుందన్నాను. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నాను. మా శాఖలో పనిచేస్తున్నందుకు నేనెప్పుడూ సిగ్గుపడలేదు, ఆ పూట పడ్డాను. ఆ కోపంలో మా ఇంటావిడ పెట్టిన పులుసు బాగాలేదన్నాను. మీకు ముందూ వెనకా తెలీదు అని ఆవిడంది. నేను చెయ్యి కడిగేసుకుని కాగితం తీశాను.

మర్నాడు జె.డి. గారి ముందు ఆ నోటు పెట్టాను. ‘పై విషయమునకు సంబంధించి, వేగవతి బోటు ముందు భాగమును ఇకపై వెనక భాగముగాను, వెనక భాగమును ముందు భాగముగాను పరిగణించవలెను. ఇది తక్షణమే అమల్లోకి వచ్చును.’ ఆయన చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు.

"మార్కండేయులూ, ఇందులో నా స్థానం ఏమైనా మారుతుందా?"

"లేదండి. తమరు వెనకే ఉంటారు. బోటే మారుతుంది."

సంతకం పడింది. పెయింటరు వచ్చి బోటు ముక్కు మీద ‘వెనక’ అనీ, ఇంజను పక్కన ‘ముందు’ అనీ రాశాడు. సోఫా ముక్కు దగ్గరికి చేరింది. ఈ కొత్త వెనక్కి మేమంతా జె.డి. గారి చుట్టూ సర్దుకున్నాం. ఇంజను దగ్గర ధర్మయ్య ఒక్కడే మిగిలాడు. లాగాడు. ముక్కు లేవబోయి, మమ్మల్ని చూసి ఆగిపోయింది. తోక కదిలింది. అడుగున నీళ్లు టపటపా కొట్టుకోవడం వినిపించింది. అంతే, బోటు నీళ్లెక్కేసింది. జె.డి. గారి తువ్వాలు ఎగిరి ఎటో పోయింది. నేను తిరిగి చూస్తే, తాడు చివర సుభాషిణి నిలబడి ఉంది. నీళ్ల మీద, నిటారుగా, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ. అంత సంతోషం నాకు నా ప్రమోషనప్పుడు కూడా కలగలేదు.

అయితే శాఖ అన్నాక చిక్కులుంటాయి. వెనక ముందై, ముందు వెనకై ఉండగా బోటు ఎటు పోతున్నట్టు? లాగ్‌బుక్కు ప్రకారం రివర్సులో పోతున్నట్టు. రివర్సులో తిరిగిన దూరానికి పెట్రోలు ఇవ్వరు. దానికి గోదావరి ప్రవాహ దిశను కూడా తిరగేసి చూపించి ఎలాగో సర్దాం. అంతకంటే పెద్ద చిక్కు జె.డి. గారికి తట్టింది. సుభాషిణి ఇప్పుడు బోటుకి ముందు వెళుతోంది కదా. అధికారి వాహనం ముందు వెళ్లే మనిషిని పైలటంటారు. పైలటు మంత్రులకే ఉండాలి. తన హోదాకి మించిన పైలటుతో తిరుగుతున్నాడని ఎవరైనా ఆకాశరామన్న అర్జీ పెడితే? ఆయనకి ఆ పూట భోజనం సయించలేదు. చివరికి, ముందు వెళ్లేది మనిషైతేనే పైలటు, సామగ్రి అయితే కాదు అని తేల్చి, సామగ్రి జాబితాలో తాడు, తెడ్లు, లైఫ్ జాకెట్ల కింద సుభాషిణి పేరు కూడా చేర్చాం. పిల్లకి చెబితే, తుప్పు పట్టకుండా చూసుకోండి అంది.

ఎంపిక రోజు వచ్చింది. లంక జనమంతా గట్టు మీదే ఉన్నారు. సుభాషిణి తండ్రి వేటకి వెళ్లకుండా ఉతికిన చొక్కా తొడుక్కుని ఒక పక్కన నిలబడ్డాడు. ఎంపిక బృందం తరఫున ఒక కోచ్ మేడమ్, ఇద్దరు సహాయకులు వచ్చారు. ఆవిడ మాటలు తక్కువ మనిషి. మధ్యాహ్నం అవతలి రేవులో బస్సు పట్టుకోవాలని ముందే చెప్పింది.

మేం అనుకోనిది ఏమిటంటే, డైరెక్టరు గారు కూడా వచ్చారు. ఆయన వెంట మిగతా జిల్లాల జె.డి.లు, డెప్యూటీలు, అసిస్టెంట్లు దిగారు. మా బోటులో వెనక సీటు ప్రత్యేకంగా ఉందని శాఖంతా పాకిపోయిందిలెండి. బోటులో వెనక కూర్చునే అర్హత ఉన్నవాళ్లెవరూ ఆ అర్హత వదులుకోలేదు. వరసలో ఎవరు పెద్దయితే వాళ్లు అంత వెనక. డైరెక్టరు గారు అందరికంటే వెనక, అంటే బోటు ముక్కు కొస మీద, గుడిగోపురం మీద కలశంలా కూర్చున్నారు. ఆయనకి ఆనుకుని మా జె.డి. గారు, ఆయనకి ఆనుకుని మరో జె.డి. గారు, అలా ఒకరి ఒళ్లో ఒకరు.

ధర్మయ్య ఇంజను లాగాడు. ఈసారి ముక్కు లేవలేదు, దిగింది. డైరెక్టరు గారి మోకాళ్ల దాకా గోదావరి వచ్చింది. తోక గాలిలోకి లేచి, ఇంజను ఫ్యాను నీళ్లు వదిలేసి గాలిని చిలికింది. బోటు ఉన్నచోటే ఒక చుట్టు తిరిగి, రేవు పక్కన ఇసుకలో ముక్కు గుచ్చుకుని ఆగింది. జనం గోల పెట్టారు. కోచ్ మేడమ్ వాచీ చూసుకుంది. టీ తాగేదాకా ఆగుతానంది. ఆవిడ టీ వేగంగా తాగే మనిషని మొహం చూస్తేనే తెలుస్తోంది.

కొందరు పెద్దలు మధ్యకి జరిగితే సరిపోతుందని ధర్మయ్య నా చెవిలో అన్నాడు. సరిపోతుంది, నాకూ తెలుసు. కానీ మధ్య అనేది మా నిబంధనల్లో లేదు. ముందుంది, వెనకుంది. మధ్యలో ఎవరు కూర్చోవాలో ఎక్కడా రాయలేదు కనక ఎవరూ కూర్చోరు. జె.డి. గారు నా వంక చూశారు. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆ పిల్ల మీద ఆయనకీ ప్రేమే, సోఫా ఒక్కటే అడ్డు.

సుభాషిణి మాత్రం నడుము లోతు నీళ్లలో, పలకలు తొడుక్కుని, తాడు చివర రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉంది. తాడు వదల్లేదు. అది చూసేసరికి నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. పంచె ఎగ్గట్టుకుని నీళ్లలోకి దిగి, బోటు ముక్కు దగ్గరికి వెళ్లి డైరెక్టరు గారికి దణ్ణం పెట్టాను.

"అయ్యా, తమరి హోదాకి ఈ వెనక చాలదండి."

ఆయన ఉలిక్కిపడి అడిగారు. "ఇంతకంటే వెనక ఉందా?"

"ఉందండి. గట్టు."

బోటు ముక్కు గట్టుకి ఆనుకునే ఉంది. ముక్కు అంటే వెనక. వెనకకి ఆనుకున్నది ఇంకా వెనక. ఆ పైన ఏటిగట్టు ఎంత ఎత్తుకి పోతే అంత వెనక. ఎంత వెనకైతే అంత గౌరవం. డైరెక్టరు గారికి ఇది ఒక్క క్షణంలో అర్థమైంది. అంత పెద్ద పదవి ఊరికే రాదు. నీలాద్రి వీపు మీద కాగితం పెట్టి అక్కడికక్కడే రాశాను. రేవును, దానికి ఆనుకుని ఉన్న ఏటిగట్టును బోటు వెనక భాగమునకు కొనసాగింపుగా పరిగణించవలెను. సంతకం అయింది.

అధికారులు హోదా ప్రకారం గట్టెక్కారు. సోఫా కూడా ఎక్కింది. తేలికైన బోటుని ధర్మయ్య ఇసుకలోంచి తోసి ఏటివైపు తిప్పుకున్నాడు. డైరెక్టరు గారు గట్టు మీద అన్నిటికంటే ఎత్తయిన చోట, అంటే బోటులో అందరికంటే వెనక, ఆసీనులయ్యారు. కింద మెట్టులో జె.డి.లు, ఆ కింద డెప్యూటీలు. బోటులో ఉన్నప్పుడు లైఫ్ జాకెట్లు తప్పనిసరి కనక అందరికీ తొడిగించాం. నేనూ ఒకటి తొడుక్కుని చివర కూర్చున్నాను. నిబంధన ప్రకారం బాధ్యతగల అధికారి, తగు సిబ్బందితో సహా, బోటులో ఉన్నట్టే. కోచ్ మేడమ్ గ్లాసు దింపబోతోంది. చెయ్యి ఊపాను.

బోటు వెనక భాగం మాతో ఉండిపోయింది, ముందు భాగం ధర్మయ్యతో వెళ్లిపోయింది.

అలా పోవడం నేను మళ్లీ చూడలేదు. తాడు బిగిసింది. ‘వేగవతి’ ఒక్క ఊపులో నీళ్లెక్కింది. సుభాషిణి లేచి నిలబడింది. మా ముందు నుంచి పోతూ ఒక పక్కకి ఒరిగి, నీళ్లు గోడలా లేపి, మళ్లీ నిటారైంది. లంక మలుపు తిరిగి కనపడకుండా పోయింది. తండ్రి చొక్కా అంచు నోట్లో పెట్టుకున్నాడు. ఇంజను చప్పుడు సన్నగిల్లి, సన్నగిల్లి, వినపడకుండా పోయింది. నాకు తెలిసిన దేవుళ్లందరికీ దణ్ణం పెట్టాను, తెలియని ఒకరిద్దరికీ పెట్టాను. తరవాత అటువైపు నుంచి చప్పుడు మొదలైంది. ముందు బోటు వచ్చింది. కాగితాల ప్రకారం కాదు, మామూలుగా చెబుతున్నాను. దాని వెనక తాడు. తాడు చివర ఆ పిల్ల, ఒంటి చేత్తో పట్టుకుని, రెండో చేత్తో మొహం మీది జుట్టు తోసుకుంటూ, వీధిలో నడిచొస్తున్నంత తీరిగ్గా.

జనం కేకలకి లంకలో కొంగలన్నీ లేచిపోయాయి. కోచ్ మేడమ్ గ్లాసు కింద పెట్టి, పిల్లని ఇప్పుడే తీసుకెళతామని తండ్రితో చెప్పింది. బట్టల సంచి ముందే సర్ది ఉంది, సుభాషిణి అక్కడే ఒక రాయి చాటున పెట్టుకుందట. బస్సు అవతలి రేవులో ఉంది. మేడమ్, సహాయకులు, తండ్రీ కూతుళ్లు బోటెక్కారు. ఎక్కేముందు ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, తడి చేతులతో నా కాళ్లకి దణ్ణం పెట్టి, చిన్న గొంతుతో అడిగింది.

"మరి సార్లు ఎప్పుడు దిగుతారండి?"

బస్సుకి వేళవుతోందని నేను కసిరాను. బోటు వెళ్లిపోయింది.

కాసేపటికి డైరెక్టరు గారికి ఉక్కపోసింది. లైఫ్ జాకెట్ తీయబోతే, ప్రయాణంలో ఉండగా తీయరాదని మా జె.డి. గారు వినయంగా గుర్తు చేశారు. మరి మనం దిగేదెప్పుడని ఆయనా అడిగారు. బోటు తిరిగి రేవు చేరాక దిగొచ్చని చెప్పాను. అందరూ తలలూపారు. నీలాద్రి షెడ్డు నుంచి టీ పట్టుకొచ్చాడు గానీ, నడుస్తున్న బోటులోకి ఎక్కడం నిషేధం కనక గట్టు కిందే నిలబడిపోయాడు. అవతల ధర్మయ్యకి తొందరేమీ లేదు. పిల్లని బస్సెక్కించాలి, తండ్రికి నాలుగు మాటలు చెప్పాలి, తనూ టీ తాగాలి.

ఏటికి అవతల బస్సు కదిలింది. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఊగింది. డైరెక్టరు గారు తనకేననుకుని హుందాగా చెయ్యెత్తారు. జె.డి.లందరూ ఎత్తారు. బస్సు కొబ్బరితోటల్లోకి వెళ్లేదాకా ఆ చెయ్యి అలా ఊగుతూనే ఉంది.

ఆ రోజు నేను నవ్వలేదని మొదటే చెప్పాను. కళ్లు మాత్రం తుడుచుకున్నాను. జె.డి. గారు చూసి ఏమయిందని అడిగారు. అలల తుంపర పడిందండీ అన్నాను. బోటులో ఉన్నాం కనక ఆయన నమ్మారు.